నా పెళ్ళిలో దిగిన హెలికాప్టర్

నా పెళ్ళి కుదిర్చింది ఒక బల్లి. దాన్ని చెడగొట్టబోయింది ఒక హెలికాప్టర్. ఈ మాట ఎక్కడ చెప్పినా జనం ముందు నవ్వుతారు, తర్వాత నా ముఖంలోకి తేరిపార చూసి "నిజంగానా?" అంటారు. నిజంగానే. ధర్మపురి పక్కన, అదియమాన్‌కోట్టై రోడ్డు మీద, ఎనభైల్లో, సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో ఒక పొద్దున జరిగింది. ఇప్పుడు తలచుకుంటే పొట్ట పట్టుకుని నవ్వుతాను గానీ, అప్పుడు నా ప్రాణం నా దగ్గర లేదు.

ముందు బల్లి సంగతి. నన్ను చూడటానికి వచ్చింది ఇద్దరే: పెళ్ళికొడుకూ, ఆయన మేనత్తా. ఆయనకు అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే ఈ మేనత్తే పెంచింది. వాళ్ళది బి. మల్లాపురం. మాలాగే ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆయన బెంగుళూరులో కట్టడం పనికి పోయి వస్తుండేవాడు. మేనత్త పొట్టిగా, బిగువుగా ఉండేది. తల కంటే కొప్పు పెద్దది, ఆ కొప్పు నిండా పూలు. ఆమెకు శకునాలంటే ప్రాణం. పిల్లి ఎటు నుంచి ఎటు పోయింది, కాకి ఏ పక్క అరిచింది, ఎదురు వచ్చిన మనిషి తల మీద కట్టెలున్నాయా నీళ్ళున్నాయా, అన్నీ లెక్కే. అంతకు ముందు ఏడాది ఇదే మేనల్లుడికి వేరే ఊళ్ళో పెళ్ళి కుదిరింది. పందిరి దాకా పోయాక, ఆమె కాలు లోపల పెట్టే సమయానికి గాలికి దీపం ఆరిపోయింది. అంతే, బండి వెనక్కి తిప్పించింది. ఆ పిల్ల సంగతి మా ఆడవాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్ళు. పందిరి దాకా వచ్చి పెళ్ళికొడుకు తిరిగిపోయిన పిల్లకు మళ్ళీ సంబంధం రావాలంటే సామాన్యం కాదు.

మా ఇంట్లో ఆమె చాప మీద కూర్చోగానే గోడ మీద బల్లి పలికింది. మా అమ్మ ముఖంలో నెత్తురు లేదు. ఏ మూల నుంచి పలికితే ఏ ఫలమో మేనత్తకు కంఠస్థం. కళ్ళు మూసుకుని లెక్క చూసుకుంది, చేతులు జోడించింది.

"సరి. పిల్ల మాదే" అంది.

ఆయన ఆ రోజంతా మాట్లాడింది ఒక్క మాట. నేను చెంబుతో నీళ్ళిస్తే తాగి, "నీళ్ళు బాగుండాయి" అన్నాడు. నేను తల ఎత్తలేదు కాబట్టి చూసింది ఆయన కాళ్ళే. ఎంత కడుక్కున్నా వేళ్ళ సందుల్లో సున్నం మిగిలిపోయిన కాళ్ళు. ఎందుకో తెలియదు, ఆ సున్నం చూడగానే నాకు ఈ మనిషి కావాలనిపించింది. ఇది ఎవరికీ చెప్పలేదు. చెప్పే కాలం కాదు.

అక్కడి నుంచి మా అమ్మకు నిద్ర లేదు. పెళ్ళి రోజున ఒక్క చెడు శకునం కూడా మా ఇంటి చుట్టుపక్కలకు రాకూడదు. వీధి పిల్లులకు పొద్దున్నే చేప తలకాయలు వేసి, వాటిని మామిడి తోట అవతలి కొసకు తీసుకెళ్ళి వదిలింది. చీపుర్లన్నీ పక్కింటి అటక ఎక్కాయి. మా చిన్నాయనకు తుమ్ముల జబ్బు. ఆయన్ను పందిరికి దూరంగా పొయ్యిల దగ్గర వంటకు పెట్టి, ముక్కుకు తువ్వాలు కట్టింది. "నువ్వు తుమ్మినావంటే నా బిడ్డ కొంప మునిగిపోతాది" అని ఒట్టు వేయించుకుంది. అన్నిటి కంటే పెద్ద భయం దీపం. దాన్ని పందిట్లో పెట్టనే లేదు. ఇంట్లో మూలన, కొత్త కుండను పక్కకు పడుకోబెట్టి, దాని కడుపులో దీపం పెట్టి, ముందర మా అవ్వను కూర్చోబెట్టింది. అవ్వకు చెవులు వినపడవు గానీ పట్టుదల ఎక్కువ. దీపం ముందు నుంచి కదలొద్దంటే దేవుడు వచ్చి పిలిచినా కదలదు.

ఇక నడపావడ సంగతి చెప్పాలి. మాలో పెళ్ళికొడుకు బండి దిగిన చోటు నుంచి పందిరి దాకా నేల మీద కాలు పెట్టకూడదు. తెల్లని గుడ్డ పరుస్తారు, దాని మీద నడిచి వస్తాడు. ఆ గుడ్డ మగపెళ్ళివారు తెస్తారు. పెళ్ళికూతురికి ఇంటి నుంచి పందిరికి వేరే గుడ్డ. అది మా నాయన పంచెలు కలిపి కుట్టింది. తాళి కట్టేదాకా ఆ గుడ్డలు తీయకూడదు. మేమున్న ఇళ్ళు మామిడి తోట అంచున, ముందర రాగులు కోసేసిన బోడి చేను. చేను అవతల రోడ్డు. రోడ్డు నుంచి చేను మీదుగా వాళ్ళ గుడ్డ వచ్చి, పందిరి దగ్గర మా గుడ్డతో కలిసింది. గాలికి లేవకుండా మా నాయన గుడ్డ అంచుల మీద రాళ్ళు పెట్టాడు.

మేనత్త బండి దిగగానే, పెళ్ళికొడుకు నడిచే దోవలో ఆ రాళ్ళు చూసింది.

"ఇదేమన్నా? మాపిళ్ళ దోవలో రాళ్ళా? బతుకంతా రాళ్ళే అడ్డం పడతాయి. తీసెయ్యండి!"

నాయన నోరు తెరవబోయి, అమ్మ చూపు చూసి మూసుకున్నాడు. రాళ్ళన్నీ తీసేశారు. ఒక్క రాయి కూడా మిగలకుండా మేనత్త దగ్గరుండి తీయించింది.

ఇదే సమయంలో, చేనుకు కొంచెం దూరంలో, తోట యజమాని తన ఇంటి ముందు మైదానంలో సఫారీ సూటు వేసుకుని నిలబడి ఉన్నాడు. తోటలో పనిచేసే మేమంతా ఆయన్ను మొదలాళి అనేవాళ్ళం. ఆ ఏడు మామిడి పూత విరగబూసింది. తన తోటను పై నుంచి చూసుకోవాలని ఆయనకు కోరిక పుట్టింది. బెంగుళూరు నుంచి ఇద్దరు పట్టే చిన్న హెలికాప్టర్‌ను పిలిపించాడు. "బోడి నేల మీద తెల్లగుడ్డలు పరిచి ఉంటాయి, మా మనుషులు తువ్వాళ్ళు ఊపుతారు, అక్కడ దిగు" అని దాన్ని నడిపే అతనికి కబురు పంపాడట. ఆయన మనుషులు గుడ్డలు పరిచారు, నాలుగు పక్కలా పెద్ద పెద్ద రాళ్ళు పెట్టారు, తువ్వాళ్ళు పట్టుకుని ఆకాశం చూస్తూ నిలబడ్డారు. ఈ సంగతులన్నీ మాకు తర్వాత తెలిశాయి.

పెళ్ళికొడుకు నడిచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నాకు కనబడింది మళ్ళీ ఆ కాళ్ళే, ఈసారి పారాణితో. తాళి పళ్ళెంలో కొబ్బరికాయ మీద పెట్టి, పెద్దవాళ్ళందరూ ముట్టి దీవించడానికి పందిరంతా తిప్పుతున్నారు. అప్పుడే దూరంగా చప్పుడు మొదలైంది. నేను లారీ అనుకున్నాను. లారీ నెత్తి మీదికి రాదు కదా.

"ఏరోప్లేన్ రా! కిందకొస్తా ఉండాది!" అని ఎవరో అరిచారు.

నా బతుకులో అంత దగ్గరగా ఎగిరేది ఏదీ రాలేదు. చూద్దామంటే పెళ్ళికూతురు తల ఎత్తకూడదు. నేను ఎత్తబోయాను, అమ్మ నా మెడ మీద చెయ్యి వేసి నొక్కింది. మళ్ళీ ఎత్తబోయాను, ఇంకా గట్టిగా నొక్కింది. కానీ తను మాత్రం నోరు తెరుచుకుని పైకి చూస్తూనే ఉందని నాకు తెలుసు, ఎందుకంటే చప్పుడు పోయిన వైపుకల్లా ఆమె చెయ్యి నా మెడను తిప్పుతోంది. జనం పందిట్లోంచి బయటికి దూకారు. అది మా చుట్టూ ఒక తిప్పు తిరిగింది. మా పెళ్ళికి మర్యాద చేస్తోందనుకున్నారు మావాళ్ళు. ఇంకేముంది, ఉన్న ప్రతి తువ్వాలూ గాలిలో లేచింది. మా నాయనైతే తలపాగా విప్పి మరీ ఊపాడట. పై నుంచి చూసే మనిషికి ఇంకేం కావాలి? బోడి నేల ఉంది, తెల్లగుడ్డలున్నాయి, తువ్వాళ్ళు ఊపే జనం ఉన్నారు.

సరిగ్గా అప్పుడు తాళి పళ్ళెం మేనత్త ముందుకు వచ్చింది. ఆమె ముట్టడానికి చెయ్యి చాచింది.

గాలి వచ్చింది. గాలి అంటే మామూలు గాలి కాదు. రాగి చేను మట్టంతా లేచి మా మీద పడింది. పందిరి మీది కొబ్బరి మట్టలు ఒక్కొక్కటే లేచిపోయాయి. అక్షింతలు, పూలు, విస్తరాకులు, ఎవరిదో పైపంచె, అన్నీ ఎగిరాయి. పళ్ళెం కూడా ఎగిరింది. అమ్మ నా మెడ వదిలేసింది. నేను తల ఎత్తాను, ఇక దించలేదు.

దుమ్ములో ఎర్రటి చిన్న హెలికాప్టర్ చేను మధ్యలో, మనిషెత్తు పైన ఊగుతోంది. కింద ఆ నడపావడ, రాయి లేని నడపావడ, పడగ విప్పిన పాములా లేచింది. లేచి నేరుగా పోయి తోక దగ్గర తిరిగే చిన్న రెక్కలకు చుట్టుకుంది. హెలికాప్టర్ గిర్రున తిరిగింది, ఒకసారి నేలను గుద్దుకుంది, ఎగిరి మా రాగి గడ్డివామి మీద పక్కకు ఒరిగిపోయింది. పెద్ద రెక్కలు గడ్డిని కోసి కోసి, ఒకటి విరిగి వామిలోనే దిగబడింది. తర్వాత చప్పుడు ఆగిపోయింది. ఆకాశం నుంచి గడ్డి పరకలు నిదానంగా రాలుతున్నాయి.

జనం అందరూ ఒక వైపు పరిగెత్తారు, తోటలోకి. ఒక్క మనిషి రెండో వైపు పరిగెత్తాడు. ఆ పారాణి కాళ్ళు గుర్తుపట్టాను.

"ఒరేయ్! పోవద్దురా! నా బిడ్డా!" అని మేనత్త పెట్టిన కేక నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ కేకలో శకునం లేదు, ఏమీ లేదు. పెంచిన తల్లి భయం మాత్రమే ఉంది.

ఆయన గడ్డిలోకి దూరి, అద్దం తలుపు లాగి, లోపలి మనిషిని చంకల కింద పట్టి బయటికి తెచ్చాడు. పడుచువాడే, నల్ల కళ్ళద్దాలు ఒక చెవికి వేలాడుతున్నాయి. మోచెయ్యి గీసుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. బెంగుళూరువాడు కాబట్టి కన్నడంలో అడిగాడట: "ఇదు తోటద యజమానర జాగా అల్వా?" ఇది తోట యజమాని చోటు కాదా అని.

పెళ్ళికొడుక్కి బెంగుళూరు పని వల్ల కన్నడం బాగా వచ్చు. "అల్ల సార్, ఇదు నన్న మదువె" అన్నాడు. కాదు సార్, ఇది నా పెళ్ళి.

అని, నవ్వడం మొదలుపెట్టాడు. నా కాబోయే మొగుడి ముఖం నేను మొదటిసారి చూసింది అప్పుడే. కనుబొమ్మల మీద మట్టి, బాసికం చెవి మీదికి జారి, నెత్తిన గడ్డి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. నవ్వుతూ నవ్వుతూ గడ్డి మీద కూలబడ్డాడు. ఆ నవ్వు చూశాక నేను ఆయన్ను వదులుకునే ప్రశ్నే లేదు. ఉన్న భయమల్లా ఆయన్ను నాకు వదులుతారా లేదా అనే.

ఇంతలో పెట్రోలు వాసన వస్తోంది, నిప్పు ఆర్పండి అని హెలికాప్టర్ అతను అరిచాడు. అదే మాట పెళ్ళికొడుకు తెలుగులో అరిచాడు. పొయ్యిల దగ్గర చిన్నాయన ఒక్కడే ఉన్నాడు, చేతికి అందే దూరంలో నీళ్ళు లేవు. గంగాళం నిండా రసం మరుగుతోంది. క్షణం కూడా ఆలోచించలేదు. పెళ్ళి రసమంతా పొయ్యిల పాలైంది.

అందరూ ఒక్కొక్కరే తోటలోంచి వచ్చారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. తాళి మాత్రం లేదు. పళ్ళెం చేను చివర దొరికింది, కొబ్బరికాయ పందిరి కింద దొరికింది, తాళి దొరకలేదు. అమ్మ మోకాళ్ళ మీద పాకుతూ మట్టి చేత్తో దేవుతూ ఏడుస్తోంది. ఏడవనిది మేనత్త ఒక్కతే. పందిరి ఉండాల్సిన చోట నిలబడి ఉంది. జనమంతా ఆమె వైపు తిరిగారు. ఆమె లెక్కలో తుమ్ము ఉంది, పిల్లి ఉంది, దీపం ఉంది. హెలికాప్టర్ లేదు. దానికి ఏ ఫలం చెప్పాలో ఆమెకు తెలియదు. వేళ్ళు మడిచి లెక్క పెట్టింది, మళ్ళీ విప్పింది. చివరికి, "తాళి నేను ముట్టనే లేదు" అంది, తనలో తాను అనుకున్నట్టు. తర్వాత, "బండి కట్టండి" అంది.

నేను వాళ్ళ బండి వైపు చూశాను.

బండి కట్టడానికి ఎద్దులు లేవు. ఆ చప్పుడుకు పలుపులు తెంపుకుని అవి ఎప్పుడో పారిపోయాయి. "ఎద్దులు కావేరి దాటి ఉంటాయి అత్తా" అన్నాడు ఆయన, ఇంకా నవ్వు ఆపుకోలేక. ఆమె నవ్వలేదు. "నడిచి పోదాం పద" అంది.

అప్పుడు నాకు కోపం వచ్చింది. భయం కాదు, మంచి కోపం. నేనేం తప్పు చేశాను? నేను హెలికాప్టర్‌ను రమ్మన్నానా? రాళ్ళు తీయమన్నానా? లేచి నిలబడ్డాను. అమ్మ నా కొంగు పట్టుకుని లాగింది. పందిట్లో పెళ్ళికూతురు నోరెత్తడం మావాళ్ళు అంతకు ముందు చూడలేదు.

"అత్తా," అన్నాను, "పొయ్యే ముందర ఒక్కసారి దీపం చూసిపో."

ఆమె ఆగింది. "దీపమా? ఈ గాలికి దీపం యాడుంటాది?"

"చూసిపో."

ఆమె వెంట అందరం మా ఇంటి గడప దాకా వెళ్ళాం. ఇంటి కప్పు సగం లేచిపోయి ఎండ లోపల పడుతోంది. అవ్వ ఆ కుండకు అడ్డంగా, కొంగు రెండు చేతులతో పరిచి పట్టుకుని, తల నిండా దుమ్ముతో కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి విసుక్కుంది.

"ఏందే ఈ పొద్దు ఈ గాలి? ఎవురూ తలుపు ముయ్యరా?"

ఆమె కొంగు కింద, కుండ కడుపులో, దీపం కదలకుండా వెలుగుతోంది.

వెనక నుంచి హెలికాప్టర్ అతను తొంగి చూసి, "అయ్యో, దీప!" అని అరవబోయాడు. పెళ్ళికొడుకు అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "సుమ్నిరి సార్" అన్నాడు. ఊరుకోండి సార్ అని. పొయ్యిల్లా కాదు, ఇంటికి గడ్డివామి చాలా దూరం, ఏమీ కాదు.

మేనత్త ఆ దీపం ముందు చాలాసేపు కూర్చుంది. కళ్ళు తుడుచుకుంటే ఏడుస్తోందని తెలిసింది. అవ్వ చెంప మీద దుమ్ము తన కొంగుతో తుడిచింది. తర్వాత ఒక్కసారిగా లేచింది.

"ఇంకేమన్నా పడేలోగా కట్టురా! సీక్రం!"

"తాళి లేదు కదత్తా."

"పసుపుకొమ్ము లేదా? తాడు లేదా? మీ అమ్మకూ అదే కట్టినాడు మీ నాయన. కట్టు!"

కప్పు లేని పందిట్లో, తడిసిన పొయ్యిల నుంచి రసం ఆవిర్లు వస్తుంటే, పసుపుకొమ్ము కట్టిన తాడు ఆయన నా మెడలో వేశాడు. మూడు ముళ్ళూ వేస్తూ నా చెవి దగ్గర మెల్లగా, "గాలి బాగుండాది" అన్నాడు. నేను పెళ్ళికూతుర్నని మరిచిపోయి పకపకా నవ్వాను. అమ్మ గిల్లింది. గిల్లిన చోట వారం రోజులు నల్లగా ఉంది.

అప్పటికి మొదలాళి జీపులో వచ్చాడు. సఫారీ సూటు చెమటతో తడిసిపోయింది. గడ్డివామి మీద పడుకున్న తన కోరికను చుట్టూ తిరిగి చూశాడు. మా నాయన చేతులు కట్టుకుని పోయి, "భోంచేసి పోండయ్యా" అన్నాడు. వేరే ఏమనాలో ఆయనకు తోచలేదు. మొదలాళి మంచివాడే, కూర్చున్నాడు. మావాళ్ళ పక్కన ఆయన పంక్తిలో కూర్చోవడం అదే మొదలు. ఆయన పక్కన హెలికాప్టర్ అతను, ఎదురుగా మేనత్త. రసం లేని పెళ్ళి భోజనం.

హెలికాప్టర్ అతను అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. మేనత్త తల వైపు వేలు చూపించాడు. ఆమెకు అర్థం కాలేదు. అందరం చూశాం. ఆ కొండంత కొప్పులో, దుమ్ము పట్టిన పూల మధ్య నుంచి, పసుపు తాడు కొస వేలాడుతోంది. అమ్మ లాగితే తాడంతా వచ్చింది, తాళితో సహా. ఊరంతా చేను దేవుతుంటే అది ఆమె నెత్తిన కూర్చుని ఉంది. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది, నన్ను చూసింది.

"నేను ముట్టకపోతే అదే వచ్చి నన్ను ముట్టింది చూడు" అంది. అప్పుడు నవ్వింది. ఆమె నవ్వు నేను వినడం అదే మొదటిసారి. మేనత్తా మేనల్లుళ్ళది ఒకే నవ్వు.

హెలికాప్టర్‌ను కొన్నాళ్ళకు ముక్కలు చేసి లారీలో తీసుకెళ్ళారు. తోక నుంచి కోసి తీసిన నడపావడను మేనత్త అడిగి తెచ్చుకుంది. దానికి పట్టిన నల్ల నూనె మరకలు ఎన్నిసార్లు ఉడకబెట్టినా పోలేదు. పారేస్తుందనుకున్నాను. పెట్టె అడుగున మడిచి దాచింది.

మా పెద్ద పిల్ల పుట్టాక, ఉయ్యాలలో వేసే రోజున ఆ గుడ్డ బయటికి తీసింది. దూలానికి తనే కట్టింది. చుట్టాలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. తెల్ల గుడ్డ మీద ఆ నల్ల మరకలు అలాగే ఉన్నాయి. పిల్లను లోపల పడుకోబెడుతుండగా, గుమ్మంలో నిలబడ్డ మా చిన్నాయన తుమ్మాడు. ఒకటి కాదు, వరసగా. పాపం, ఆ రోజు ముక్కుకు తువ్వాలు కట్టే మనిషి లేదు. అందరూ మేనత్త వైపు తిరిగారు. అమ్మ గోడకు ఆనుకుంది.

మేనత్త చేతులు ఆగలేదు. పిల్లను మెల్లగా గుడ్డలో దించి, ఊపు ఇచ్చింది.

"తుమ్మనీలే," అంది. "ఇది ఒకతూరి ఆకాశం నుంచి పడిన గుడ్డ. పడాల్సిందంతా అప్పుడే పడిపోయింది."

పిల్ల నిద్రపోయింది.